గల్ఫ్ నుంచి తిరిగొచ్చి హన్మకొండలో కొత్త ఇల్లు: మొదటి ఏడాది ఎట్లా గడపాలి

తమ్ముడూ, మీరు రాసిందంతా చదివాను. పన్నెండేళ్ళకు పైగా ఒమన్, ఖతర్, కువైట్‌లలో రిఫైనరీ షట్‌డౌన్ పనులు, అంటే ప్లాంటు ఆపి చేసే రిపేర్లలో ఫిట్టరు పని, అది అయిపోగానే ఇంకో క్యాంపు. భార్యా బిడ్డా పరకాల దగ్గర ఊళ్ళో మీ అమ్మగారితో ఉన్నారు. ఫ్లాటు కొని రెండేళ్ళు తాళం వేసి ఉంచారు. ఈ మే నెలలో పాలు పొంగించి చేరారు. వానలు మొదలైనా అట్టపెట్టెలు విప్పలేదు, చొక్కాలు సూట్‌కేసులోంచే తీసి వేసుకుంటున్నారు, రాత్రి నిద్ర లేదు, బాత్రూముల్లో ఎంత కడిగినా వాసన పోవట్లేదు. సొంతింట్లో ఉన్నా లాడ్జిలో దిగినట్టే ఉందన్నారు. ఏజెంటు ఆరు నెలల కాంట్రాక్టు ఉందని ఫోన్లు చేస్తున్నాడు, పోవాలా వద్దా అని చివర్లో అడిగారు.

మా ఆయనది హైటెన్షన్ టవర్ లైన్ల పని. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భల్లో క్యాంపుల వెంట తిరిగి తిరిగి హన్మకొండలో నిలిచాం. ఆ తర్వాత బయటి నుంచి వచ్చే కుటుంబాలకు ఇళ్ళు చూసిపెట్టడం, సర్దిపెట్టడం నాకు పనిగా మారింది. రైల్వే వాళ్ళు, మిలటరీ నుంచి రిటైరైన వాళ్ళు, అందరికంటే ఎక్కువగా మీలాగా గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళందరినీ చూసిన అనుభవంతో ఒక్కటే చెప్తాను. ఇల్లు మీ పేరున రిజిస్టర్ అయింది గానీ ఆ ఇంట్లో మీకు ఇంకా ఒక వానాకాలం గడవలేదు, ఒక బతుకమ్మ రాలేదు, ఒక ఎండాకాలం పూర్తిగా తెలియలేదు. ఈ ఏడాది కొనేది తగ్గించండి, ఇంట్లో ఉండేది పెంచండి. మిగతా సలహాలన్నీ దీని కిందికే వస్తాయి.

ముందు సూట్‌కేసు సంగతి. ఇది చదివిన రోజే దాన్ని ఖాళీ చేసి, తుడిచి, సజ్జ మీద పెట్టేయండి. క్యాంపుల్లో ఉన్నవాళ్ళకు మంచం కింద సూట్‌కేసు, గోడకు ఒక ఇనుప బీరువా, అంతే సంసారం. రేపు బయల్దేరమన్నా గంటలో సర్దుకునేట్టు ఉండాలి. ఆ అలవాటే ఇన్నేళ్ళు మీకు బువ్వ పెట్టింది కాబట్టి దాన్ని తప్పు పట్టను. కానీ రోజూ పొద్దున అందులోంచి చొక్కా తీసినంతకాలం మీ ఒళ్ళు ప్రయాణంలోనే ఉంటుంది. బీరువాలో మీకంటూ ఒక అర ఇమ్మని మీ ఇంటావిడను అడగండి. అట్టపెట్టెలన్నీ ఒక్క ఆదివారం కూర్చుని విప్పేద్దామని మాత్రం అనుకోకండి, ఎవరివల్లా కాదు, సగంలో విసుగొచ్చి మళ్ళీ మూసేస్తారు. వంటింటివి, పాప చదువువి, దేవుడివి మూడు రకాలు ఈ వారం విప్పండి. మిగతావాటి మీద లోపలేముందో స్కెచ్ పెన్నుతో రాసి ఒకే గదిలో పేర్చండి. ఏదైనా అవసరమైన రోజు ఆ పెట్టె విప్పుకోవచ్చు. దసరా దాకా ఎవరూ తెరవని పెట్టె మీ ఇంటికి అక్కర్లేనిది. అందులో ఉన్న దుప్పట్లు, గిన్నెలు ఊళ్ళో ఎవరికైనా పనికొస్తాయి.

వాసన గురించి అంత విసిగిపోయి రాశారు గానీ అది ఐదు నిమిషాల పని. బాత్రూము మూలన జాలీ కింద వంపు తిరిగిన గిన్నెలాంటి భాగం ఉంటుంది, ప్లంబర్లు నాని ట్రాప్ అంటారు. అందులో రెండంగుళాల మేర నీళ్ళు నిలిచి ఉంటేనే మురుగు పైపులోని గాలి పైకి రాకుండా ఆగుతుంది. ఇల్లు రెండేళ్ళు తాళం వేసి ఉన్నప్పుడు ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. వాడుతున్న బాత్రూములో మళ్ళీ నిండుతాయి గానీ, వాడని బాత్రూములో, వాషింగ్ మెషీన్ దగ్గర, బాల్కనీ మూలన ఉన్న జాలీలు ఎండే ఉంటాయి. వాసన అక్కడినుంచే వస్తుంది, బొద్దింకలూ అక్కడినుంచే వస్తాయి. ఇంట్లో ఉన్న ప్రతి జాలీలో ఒక చెంబు నీళ్ళు పోయండి. ఊరికి వెళ్ళి వారం పది రోజులు ఉండేట్టయితే నీళ్ళ మీద ఒక చెంచా మంచి నూనె వేసి వెళ్ళండి, తొందరగా ఆరవు. ఇంత చేసినా వాసన పోకపోతే కమోడ్ అడుగున సిమెంటు పగిలిందేమో చూపించాలి. నల్లాల్లో రబ్బరు వాషర్లు కూడా వాడక లేక గట్టిపడి ఉంటాయి, కారేవి మార్పించండి. గీజరులో బోరు నీళ్ళ సున్నం పేరుకుంటుంది, చలికాలం రాకముందే విప్పించి శుభ్రం చేయించుకోండి. తాగడానికి, వంటకు బల్దియా నల్లా నీళ్ళు వేరుగా పట్టుకునే ఏర్పాటు ఉందో లేదో కనుక్కోండి. చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళూ నల్లా నీళ్ళూ ఒకే సంపులో కలిపేస్తారు.

ఇక వాన. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వరంగల్‌లో ఇల్లు కొన్నవాళ్ళు మొదట తెలుసుకోవాల్సింది ఇదే. మనకు ఏడాది వానలో నాలుగింట మూడు వంతులకు పైగా జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడుతుంది. పైగా ఇది చెరువుల ఊరు. కాకతీయుల కాలం నుంచి ఒక చెరువు నిండితే అలుగు దుంకి కిందిదానిలోకి పోయేట్టు కట్టిన నేల. ఆ దారుల్లో ఇప్పుడు కాలనీలున్నాయి, నీళ్ళు మాత్రం పాత దారినే వెతుక్కుంటాయి. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగి ఇళ్ళల్లోకి వచ్చింది. 2023 జూలై చివర్లో హంటర్ రోడ్డు చుట్టుపక్కల కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మీరు ఏ కాలనీయో రాయలేదు. బిల్డర్‌ను అడిగితే ఇక్కడికి నీళ్ళు రావనే అంటాడు. ఎదురుగా ఉన్న కిరాణా షాపాయనను అడగండి, 2023లో ఎంతదాకా వచ్చాయో గోడ మీద చేయి పెట్టి చూపిస్తాడు. వాచ్‌మన్‌కూ తెలుసు.

ఈ సారి గట్టి వాన పడ్డప్పుడు ఇంట్లో కూర్చోకండి. గొడుగు పట్టుకుని, పిడుగులు లేని సమయం చూసి, డాబా ఎక్కండి. నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి, పైపు మూతుల్లో ఆకులు, ప్లాస్టిక్ కవర్లు అడ్డం పడ్డాయా, పిట్టగోడ కింద పగుళ్ళున్నాయా చూడండి. తర్వాత సెల్లార్‌లోకి దిగండి. ర్యాంపు మీది నుంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయా, మోటారు స్టార్టరూ కరెంటు మీటర్లూ ఎంత ఎత్తులో ఉన్నాయి, లిఫ్టు గుంతలో నీళ్ళు చేరుతున్నాయా అన్నది ఆ గంటలో కనిపించినట్టు ఇంకెప్పుడూ కనిపించదు. నేల తడిగా ఉన్నప్పుడు స్విచ్‌బోర్డుల జోలికి మాత్రం పోవద్దు. ఇంటికొచ్చి పడమటి గోడకు అరచేయి ఆనించండి, చెమ్మగా తగిలిన చోట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. రెండు మూడు వానలకు ఆ గీతలు ఎంత పెరిగాయో చూస్తే చెమ్మ ఎటు నుంచి వస్తోందో మేస్త్రీకి మీరే చూపించగలుగుతారు. నాకు తెలిసిన ఒక కుటుంబం మస్కట్ నుంచి వచ్చిన నెలకే హాలుకు ఫాల్స్ సీలింగు, గోడలకు వాల్‌పేపరు వేయించుకుంది. ఆగస్టులో స్లాబు చెమ్మ పట్టి సీలింగు మధ్యలో ఉబ్బింది. పైనున్న డాబాకు ముందు వాటర్‌ప్రూఫింగు చేయించి ఉంటే ఆ డబ్బంతా మిగిలేది. అందుకే చెప్తున్నాను, ఇంటీరియర్ వాళ్ళు రోజూ ఫోన్ చేసినా సరే, ఒక వానాకాలం గడిచేదాకా గోడలకూ సీలింగుకూ ఏమీ చేయించొద్దు.

ఎండాకాలం సంగతి అప్పుడు చూద్దాం గానీ, ఏసీలు ఏ గదికి ఎన్ని అన్న నిర్ణయం మాత్రం వచ్చే ఏప్రిల్ దాకా ఆపండి. పై అంతస్తయితే స్లాబు వేడి రాత్రి పదకొండు దాకా దిగుతుంది, డాబా మీద తెల్లటి కూల్ పెయింటు వేయిస్తేనే సగం తేడా తెలుస్తుంది. కూలర్ పెట్టేవాళ్ళు తలుపులన్నీ బిగించి పెడతారు, అది పని చేయదు. కూలర్ కిటికీలో ఉంటే దానికి ఎదురు దిక్కున ఇంకో కిటికీ తెరిచి ఉండాలి, లోపలి గాలి బయటికి పోతేనే చల్లదనం వస్తుంది.

సోఫా సెట్టు ఎప్పుడు కొందామని మీ ఇంటావిడ అడుగుతోందన్నారు. నన్నడిగితే, ముందు కొత్తవాడకు వెళ్ళి ఒక మంచి జంపఖానా తెచ్చుకోండి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, మగ్గం మీద నేసినది మీ కళ్ళతో చూసి ఎంచుకోవచ్చు. హాల్లో అది పరిచి, ఒక రెండు మూడు నెలలు దాని మీదే కూర్చోండి, తినండి, పాపను అక్కడే చదువుకోమనండి. సాయంత్రం గాలి ఏ కిటికీలోంచి వస్తుందో, అమ్మగారు వస్తే ఎక్కడ నడుం వాలుస్తారో, పాప ఏ గోడకు ఆనుకుంటుందో తెలుస్తుంది. అప్పుడు సోఫా ఎంతది కావాలో, ఎటు తిప్పి వేయాలో మీకే అర్థమవుతుంది. చాలా ఇళ్ళల్లో చూశాను, సోఫా గది నిండా ఉంటుంది, మనుషులు మాత్రం కిందే కూర్చుంటారు.

ఇప్పుడు కొంచెం సున్నితమైన మాట. అక్క చెప్పిందని ఏమనుకోవద్దు. ఇన్నేళ్ళు ఇల్లు నడిపింది మీ భార్య. జ్వరాలు, ఫీజులు, పొలం పనులు, అత్తగారి మందులు, చుట్టాల మాటలు, అన్నీ ఆమె ఒక్కతే చూసుకుంది. మీరు సెలవు మీద నెల రోజులు వచ్చినప్పుడు ఆ నెలంతా దావత్‌లతో పండగలా గడిచేది. ఇప్పుడు మీరు రోజూ ఉంటున్నారు. గల్ఫ్ నుంచి వచ్చిన చాలామంది మగవాళ్ళు మొదటి నెలలో చేసే పని, వంటింట్లో డబ్బాలు ఎక్కడ ఉండాలో చెప్పడం, ఖర్చుల లెక్క అడగడం, పిల్లల పడుకునే టైము మార్చడం. వాళ్ళకు అది ఇంటి మీద శ్రద్ధ. ఆమెకు మాత్రం ఇన్నేళ్ళ తన పనికి మార్కులు వేస్తున్నట్టు తగులుతుంది. మీరు అడిగి ఒకట్రెండు పనులు పూర్తిగా తీసుకోండి. పాపను బడికి దింపి తేవడం మీది. ఆదివారం రైతు బజార్‌కు వెళ్ళి వారానికి సరిపడా కూరగాయలు తేవడం మీది. ఎవరైనా చూపిస్తే సాయం చేసేట్టు కాదు, ఆ పని మర్చిపోతే ఇంట్లో ఇబ్బంది పడేట్టు ఉండాలి. మనిషి ఇంట్లో ఇమిడేది అలాగే. పాప మొదట్లో మీతో తక్కువ మాట్లాడితే బాధపడకండి. రోజూ బండి మీద వెనక కూర్చుని బడికి పోతుంటే ఏదో ఒక రోజు తనే మొదలుపెడుతుంది, ఆ రోజు మీరు ఫోన్ ఎత్తకండి.

పక్కింటోళ్ళు ఎవరో తెలియదన్నారు. అపార్ట్‌మెంట్లో అది మామూలే. తలుపు తట్టి పరిచయం చేసుకోవాలంటే మనకు మొహమాటం, పండగైతే ఆ మొహమాటం ఉండదు. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ. ఆ తెల్లవారుజామున పాపను ఎక్కించుకుని మీ ఊరి వైపు వెళ్ళండి. పరకాల దారిలో చెలకల గట్ల మీద గునుగు, రోడ్డు పక్కన తంగేడు దొరుకుతాయి. రెండు పెద్ద సంచుల నిండా తెచ్చి, కావలసినవి మీ ఇంటికి ఉంచుకుని, మిగతావి కిందికి పట్టుకొచ్చి సెల్లార్‌లో పెట్టండి. టౌన్‌లో గునుగు చిన్న చిన్న కట్టలు కట్టి అమ్ముతారు, పండగ దగ్గరకొచ్చేసరికి ధర ఎక్కువ, పువ్వు వాడిపోయి ఉంటుంది. తాజా పూలు వచ్చాయని తెలిస్తే అన్ని ఫ్లోర్ల నుంచీ ఆడవాళ్ళు దిగుతారు. కాడల చివర్లు సమానంగా కోయడం, కొన్ని కట్టలు రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టడం, సిబ్బిలో గుమ్మడి ఆకులు పరిచి వరుస మీద వరుస పేర్చడం, మధ్యలో కోసిన కాడల ముక్కలు కూరి గట్టిగా నిలిచేట్టు చేయడం, ఇవన్నీ పదిమంది కలిసి చేసే పనులు. మీరు కాడలు కోసే దగ్గర కూర్చోండి. ఎవరిది ఏ ఊరు, ఎవరు ఏ పని చేస్తారు, ఎవరి తమ్ముడు దోహాలో ఉన్నాడు, అన్నీ ఆ గంటన్నరలో తెలుస్తాయి. సాయంత్రం వేయిస్తంభాల గుడికి కలిసే వెళ్ళొచ్చు. సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు మీ ఇంటావిడను పిలుస్తారు, లేదా ఆమే పిలుస్తుంది. సకినాలు ఒక్కరు చేసే పిండివంట కాదు కదా. మేడారం జాతర వచ్చిన ఏడాదైతే మీరు పిలవకపోయినా చుట్టాలు హన్మకొండలో దిగి మీ ఇంట్లో పడుకునే పోతారు. ఆ జంపఖానా అప్పుడూ పనికొస్తుంది.

నిద్ర విషయం. క్యాంపులో ఒక గదిలో నలుగురైదుగురు, రాత్రంతా ఏసీ హోరు, ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. ఇప్పుడు నిశ్శబ్దం, పెద్ద మంచం, పొద్దున లేచి వెళ్ళాల్సిన చోటు లేదు. ఎన్నింటికి పడుకోవాలా అని ఆలోచించకండి, ఎన్నింటికి లేవాలో మాత్రం ఖాయం చేసుకోండి. రాత్రి రెండింటికి నిద్ర పట్టినా ఐదున్నరకే లేచి బయటికి నడవండి. వడ్డేపల్లి చెరువు కట్ట మీదికో, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకో వెళ్తే పొద్దుటి వెలుతురు పడుతుంది, నాలుగు మొహాలు రోజూ కనిపిస్తాయి. మధ్యాహ్నం అరగంటకు మించి కునుకు తీయొద్దు, సాయంత్రం నాలుగు తర్వాత చాయ్ వద్దు. హోరు లేక నిద్ర రాకపోతే టేబుల్ ఫ్యాను గోడవైపు తిప్పి పెట్టుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రెండు మూడు వారాలు ఇలా చేసినా నిద్ర కుదరకపోయినా, దేనిమీదా మనసు పోకపోయినా, రాత్రిపూట మందు పెరుగుతున్నా డాక్టరును కలవండి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఫోనులోనే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక సాయం లైను టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

కాగితాలు తొందరగా చెప్పేస్తాను. తిరిగి ఉండిపోవడానికే వచ్చారంటే విదేశాల్లో ఉండేవాళ్ళకిచ్చే ఎన్‌ఆర్‌ఈ బ్యాంకు ఖాతా అట్లాగే నడపకూడదు, బ్యాంకుకు చెప్పి రెసిడెంట్ ఖాతాగా మార్పించాలి. ఓటు ఊళ్ళో ఉంటే మార్పుకు ఫారం 8. గ్యాసుకు ఊరి ఏజెన్సీలో బదిలీ కాగితం తీసుకోండి. ఆధార్‌లో చిరునామా ముందు మార్చుకుంటే మిగతావి సులువవుతాయి. కరెంటు మీటరూ ఇంటి పన్నూ మీ పేరున పడ్డాయో లేదో ఒకసారి చూసుకోండి.

డబ్బు విషయంలో కూడా ఒక మాట. గల్ఫ్ నుంచి వచ్చాడని తెలియగానే వెంచర్లో ప్లాటు అనేవాళ్ళు, చిట్టీ అనేవాళ్ళు, కలిసి బిజినెస్ పెడదామనేవాళ్ళు వస్తారు. ఇంట్లో మనసు నిలవని టైములో బయట ఏదో ఒకటి మొదలుపెట్టాలనిపిస్తుంది, అప్పుడే సంతకాలు అయిపోతాయి. ఏడాది ఖర్చులకు సరిపడా పక్కన పెట్టి, మిగతాది ఫిక్స్‌డ్‌లో వేసి, వచ్చే సంక్రాంతి తర్వాత మాట్లాడదామని అందరికీ ఒకే జవాబు చెప్పండి.

అమ్మగారు ఊళ్ళోనే ఉంటానన్నారని మీరు రాశారు. బలవంతం పెట్టకండి. ఆమె వాకిలి, పొద్దున ఆమె చల్లే సాన్పు, ఆమె చుట్టుపక్కల మనుషులు అక్కడున్నారు. మీరే వారానికొకసారి వెళ్ళండి, పరకాల ఎంత దూరమని! వెళ్ళినప్పుడు రాత్రి అక్కడే పడుకోండి. ఆమె హన్మకొండ వచ్చినప్పుడు ఇంట్లో ఆమె కోసం ఒక మంచం, చేతికందేట్టు నీళ్ళ చెంబు, బాత్రూములో పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉంటే రావడానికి వెనకాడరు.

ఇక ఏజెంటు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, ఇప్పుడు పోవద్దు. అప్పు తీర్చాలని గానీ, పాప ఫీజుకు అవసరమని గానీ మీరు ఎక్కడా రాయలేదు. ఇక్కడ తోచకే పోదామనుకుంటున్నారు. ఆరు నెలలు పోయొస్తే ఈ వానాకాలం పోతుంది, బతుకమ్మ పోతుంది, మీరు తిరిగొచ్చేసరికి పాపకు మీరు మళ్ళీ సెలవు మీద వచ్చిన మనిషే అవుతారు, ఇవాళ రాసిన ఉత్తరమే మళ్ళీ రాస్తారు. అన్నేళ్ళ షట్‌డౌన్ అనుభవం ఉన్న ఫిట్టరుకు రామగుండం వైపు థర్మల్, ఎరువుల కర్మాగారాల్లో ఓవర్‌హాల్ పనులకు కాంట్రాక్టర్లు మనుషులను తీసుకుంటారు, రైలు ఎక్కితే వారానికోసారి ఇంటికి రావచ్చు, ముందు అటు విచారించండి. నిజంగానే ఖర్చుల ఒత్తిడి ఉండి గల్ఫ్‌కే పోవాల్సి వస్తే, మీ భార్యతో కూర్చుని లెక్క రాసుకుని ఇద్దరూ కలిసి నిర్ణయించండి, ఫోనులో ఏజెంటుకు ముందు మాట ఇచ్చి తర్వాత ఆమెకు చెప్పడం వద్దు. ప్రస్తుతానికి దసరా దాటేదాకా ఏమీ చెప్పలేనని, పాస్‌పోర్టు కూడా ఇవ్వనని అతనికి చెప్పండి. మీది ఏ కాలనీ, ఎన్నో అంతస్తు, హాలు కిటికీలు ఎటు దిక్కో రాస్తే డాబా పని గురించి, కూలర్ ఎక్కడ పెట్టాలో దాని గురించి వివరంగా చెప్తాను.